క్లౌన్ ఫిష్ ప్రవర్తన: ఏది సహజం, ఏది ప్రమాదం? కొత్తగా ఉప్పునీటి అక్వేరియం పెట్టినవారికి సమగ్ర మార్గదర్శి

“చేప పక్కకు ఒరిగి పడుకుంది, చచ్చిపోతోందా?”, “రోజంతా ఒకే మూలలో ఊగుతోంది, ట్యాంకు చిన్నదైందా?”, “పెద్దదాన్ని చూసి చిన్నది ఒళ్లంతా వణికిస్తోంది, జబ్బేమైనా వచ్చిందా?” చెన్నైలో కొత్తగా ఉప్పునీటి అక్వేరియం పెట్టిన తెలుగువారు పదే పదే అడిగే ప్రశ్నలు ఇవే. ఈ మూడింటికీ జవాబు చాలా సందర్భాల్లో ఒకటే: చేప బాగానే ఉంది.

నిజంగా ప్రమాదంలో ఉన్న చేప మొదట్లో ఇంత కొట్టొచ్చినట్టు కనిపించే పనేదీ చేయకపోవచ్చు. మొప్పలు కాస్త వేగంగా ఆడతాయి, ఒక పూట మేత వదిలేస్తుంది, ఒంటి మీద పలుచని పొర కడుతుంది. అందువల్ల ఈ మార్గదర్శి అంతటా ఒకే క్రమాన్ని పాటించాం: ముందు ఊపిరి, తరువాత నీటి పరీక్ష, ఆ తరువాత మేత, చర్మం, మందు అన్నిటికంటే చివర. ఇక్కడ చెప్పినవి ముఖ్యంగా క్లౌన్ చేపల్లో దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఒసెల్లారిస్, పెర్క్యులా జాతులకు వర్తిస్తాయి.

1. చేప రాకముందు నీటిని సిద్ధం చేయడం

అమ్మోనియా (చేప వ్యర్థాల నుంచి పుట్టే విషపదార్థం) ఉన్న నీటిలో చేప మూల పట్టిందంటే, అది దాని స్వభావమో నీటి బాధో ఎంత అనుభవమున్నవారైనా చెప్పలేరు. కాబట్టి ప్రవర్తనను అర్థం చేసుకునే పని చేపతో కాదు, నీటితో మొదలవుతుంది.

ఒక జతకు కనీసం 80 నుంచి 100 లీటర్ల ట్యాంకు కావాలి. రాళ్లు, ఇసుక వేసి, ఉప్పునీరు నింపి, అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకు ఆహారంగా కొద్దిగా అమ్మోనియా అందిస్తూ చేప లేకుండానే ట్యాంకును నడపాలి. దీనికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగి, నైట్రేట్ కనిపించిన తరువాతే చేపను తేవాలి. ఉప్పునీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది కాబట్టి అదే మోతాదు అమ్మోనియా మంచినీటి ట్యాంకులో కంటే ఇక్కడ ఎక్కువ విషమవుతుంది. గోల్డ్ ఫిష్ పెంచిన ధైర్యంతో వచ్చేవారు తరచుగా దెబ్బతినేది ఇక్కడే.

మెట్రో వాటర్, ట్యాంకర్ నీరు, బోరు నీరు, వీటిలో ఏదీ నేరుగా ఉప్పు కలపడానికి పనికిరాదు. ఆర్‌ఓ నీరు కావాలి. దానికి మిగిలిన లవణాలనూ పీల్చేసే డీఐ రెజిన్ గొట్టం కూడా తగిలిస్తే మరీ మంచిది. అయితే ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ప్యూరిఫైయర్‌తో ఒక చిక్కు ఉంది. రుచి కోసం ఖనిజాలను కలిపేవి, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) సరిచేయడానికి కొంత పచ్చి నీటిని వదిలేవి, ఆరోగ్యం పేరుతో రాగిని కలిపేవి ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. నీటిలో కలిసిన రాగి నత్తలకు, రొయ్యలకు, ఎనిమోన్లకు (క్లౌన్ చేపలు ఆశ్రయం పొందే పువ్వులాంటి సముద్ర జీవులు) ప్రాణాంతకం. అందుకే ప్యూరిఫైయర్ కొనేటప్పుడు ఇచ్చిన పుస్తకం చదివి, టీడీఎస్ మీటరుతో నీటిని ఒకసారి చూసుకున్న తరువాతే వాడాలి.

ఇక వేడి విషయం. అగ్ని నక్షత్రం (మే నెలలో ఎండలు మండిపోయే కాలం) రోజుల్లో ఏసీ లేని గదిలో ట్యాంకు నీరు 31, 32 డిగ్రీలకు సులభంగా చేరుతుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది కనుక చేప ఊపిరి వేగం పెరుగుతుంది. ఆ వేగాన్ని జబ్బుగా పొరబడి మందు వేసేవారు ఎందరో. నీటి పైభాగానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ సముద్రపు తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో అంత ఫలితం ఉండదు. బడ్జెట్ అనుమతిస్తే చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) కొనండి. లేదా వేసవిలో ఏసీ నడిచే గదిలోనే ట్యాంకును పెట్టండి.

సరిచూసుకోవలసినవి:

☐ ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు
☐ ఉప్పుదనం (స్పెసిఫిక్ గ్రావిటీ లెక్కలో) 1.023 నుంచి 1.026, రిఫ్రాక్టోమీటరుతో కొలిచినది
☐ పీహెచ్ 8.1 నుంచి 8.4
☐ అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా
☐ ఆవిరైన నీటికి బదులు మంచి ఆర్‌ఓ నీరే పోయడం (ఉప్పు ఆవిరి కాదు, ఉప్పునీరు పోస్తే ఉప్పుదనం పెరుగుతూ పోతుంది)
☐ చేప దూకకుండా పైన వల

2. దుకాణంలోనే చేప తీరును చూడడం

చెన్నైలోని కొలత్తూరులో వరుసగా ఉన్న రంగుచేపల దుకాణాల్లో ఎక్కువ భాగం మంచినీటి చేపలే ఉంటాయి. ఉప్పునీటి విభాగమున్న దుకాణాలను ముందుగా కనుక్కుని వెళ్లండి. ఆదివారపు రద్దీలో కంటే వారం మధ్యలో వెళితే చేపను తీరికగా గమనించే వీలుంటుంది.

గాజు దగ్గర కనీసం పది నిమిషాలు నిలబడండి. మొప్పలు రెండూ సమానంగా, నింపాదిగా ఆడుతున్నాయా, చర్మం మీద తెల్లని తెరలాంటిది ఉందా, రెక్కలు విప్పి ఉన్నాయా అని చూడండి. తరువాత “కాస్త మేత వేసి చూపించండి” అని అడగండి. మేత తినని చేపను ఎంత తక్కువ ధరకిచ్చినా తీసుకోవద్దు. తినిపించి చూపడానికి ఒప్పుకోని దుకాణంలో అసలే వద్దు.

హేచరీలో పుట్టిన చేపేనా అని అడగడం మరవకండి. రామేశ్వరం దారిలో మండపంలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం అనేక క్లౌన్ జాతులను హేచరీలో పెంచే పద్ధతులను రూపొందించింది, కాబట్టి మన దేశంలో పుట్టిన చేపలు దొరకడం కష్టమేమీ కాదు. సముద్రంలో పట్టిన వాటికంటే ఇవి గుళికల మేతకు త్వరగా అలవాటు పడతాయి, పరాన్నజీవుల బెడద కూడా తక్కువ.

జాతి విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన్నార్ సింధుశాఖలో సహజంగా దొరికే సెబే క్లౌన్ ఒసెల్లారిస్ కంటే పెద్దదిగా పెరుగుతుంది, కోపమూ ఎక్కువే. మెరూన్ క్లౌన్ అయితే కొత్తవారి చిన్న ట్యాంకుకు అసలు తగదు. రెండు వేర్వేరు జాతులను కలిపి కొనవద్దు.

3. ఇంటికి తెచ్చిన రోజు, ఆ తరువాతి వారం

1. ట్యాంకు లైట్లు ఆర్పండి. మూసి ఉన్న సంచిని 15 నుంచి 20 నిమిషాలు నీటిపై తేలనివ్వండి.
2. ఊళ్లోనే కొన్న చేపైతే, సంచి నీటిని పాత్రలో పోసి, సన్నని గొట్టం ద్వారా ట్యాంకు నీటిని చుక్కలుగా కలుపుతూ అరగంట, ముప్పావుగంట అలవాటు చేయండి.
3. పార్సిల్‌లో గంటల తరబడి ప్రయాణించి వచ్చిన చేపకు ఈ పద్ధతి వద్దు. సంచి విప్పగానే లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటకు పోయి పీహెచ్ పెరుగుతుంది. దానితో అక్కడ పేరుకున్న అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. పంపినవారి ఉప్పుదనం ఎంతో ముందే కనుక్కుని, మీ క్వారంటైన్ ట్యాంకును (కొత్త చేపను లేదా జబ్బు చేపను విడిగా ఉంచే ట్యాంకు) ఆ స్థాయికి తెచ్చి ఉంచి, ఉష్ణోగ్రత కలిసిన వెంటనే చేపను మార్చేయాలి.
4. సంచి నీటిని ట్యాంకులో పోయకండి.
5. ఆ రాత్రి మేత వేయకండి, గాజు తట్టకండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

మొదటి రెండు మూడు రోజులు చేప రాళ్ల వెనుక ఉండిపోవడం, నీటి పైభాగాన ఒక మూలలో నిలబడడం, రంగు తగ్గడం, మేత ముట్టకపోవడం సహజం. ఊపిరి నింపాదిగా ఉన్నంత వరకు వేచి ఉండండి. నాలుగో రోజుకూ తినకపోతే గుళికలకు బదులు గడ్డ కరిగించిన మైసిస్ లేదా బ్రైన్ ష్రింప్ (చిన్న రొయ్యల్లాంటి జీవుల మేత) ఇచ్చి చూడండి.

4. మీ చేప మామూలు రోజును రాసిపెట్టుకోవడం

ఈ ఒక్క పని చేసినవారికి తరువాతి భాగాలు చాలా వరకు అవసరం పడకపోవచ్చు. “క్లౌన్ చేపలు ఇలా చేస్తాయి” అన్న సాధారణ మాట కంటే “మా చేప ప్రతిరోజూ ఇలా చేస్తుంది” అన్న ఎరుక విలువైనది, ఎందుకంటే జబ్బును పట్టించేది ఒక విచిత్రమైన పని కాదు, అలవాటులో వచ్చిన మార్పు.

చేప కుదురుకున్న తరువాత ఒక వారం పాటు ఈ నాలుగు సంగతులను ఒక చిన్న పుస్తకంలో రాయండి:

☐ ఉదయం, మేతకు ముందు, నింపాదిగా ఉన్నప్పుడు నిమిషానికి మొప్పలు ఎన్నిసార్లు ఆడాయి. అప్పటి ఉష్ణోగ్రత ఎంత
☐ మేత వేసిన ఎన్ని సెకన్లలో వచ్చింది, ఎంతసేపు తిన్నది
☐ పగలు ఎక్కువసేపు ఎక్కడ గడిపింది
☐ లైట్లు ఆరాక ఎక్కడ, ఏ భంగిమలో నిద్రపోయింది

ఫోనులో ఒక నిమిషం వీడియో కూడా తీసి ఉంచుకోండి. తరువాత ఎప్పుడైనా ఎవరినైనా సలహా అడగవలసి వస్తే, ఆ పాత వీడియోనూ కొత్తదానినీ పక్కపక్కన చూపడం కంటే స్పష్టమైన వివరణ ఉండదు.

5. భయపెట్టినా సహజమే అయిన పనులు

*ఊగుతూ ఈదడం.* క్లౌన్ చేప తోకతో దూసుకుపోయే రకం కాదు. పక్క రెక్కలను తెడ్ల మాదిరిగా ఆడిస్తూ, తల పైకి కిందికి ఊపుతూ, ఉన్నచోటే తేలుతుంది. ఇతర చేపలను చూసి అలవాటైన కంటికి ఇది తూలిపోవడంలా కనిపిస్తుంది.

*ఒకే చోటును వదలకపోవడం.* సముద్రంలో ఇది తన ఎనిమోన్‌కు కొద్ది మీటర్ల పరిధిలోనే బతుకు వెళ్లదీస్తుంది; దూరం పోతే వేటచేపల నోట పడుతుంది. మీ ట్యాంకులో అది ఎంచుకున్న మూల దానికి ఇల్లు. విసుగొచ్చిందేమోనని రాళ్లను మార్చి మార్చి అమర్చితే దానికి కలిగేది ఊరట కాదు, కంగారే.

*వింత వస్తువులను ఇల్లుగా చేసుకోవడం.* ఎనిమోన్ లేని ట్యాంకులో హీటరు, వేవ్ మేకర్ (నీటిని కదిలించే పంపు), గాజు తుడిచే అయస్కాంతపు బిళ్ల, పూలకుండీ ముక్క, ఏదైనా దానికి ఆశ్రయమే. హీటరుకు రాసుకుంటూ ఉంటే మాత్రం దానికి ప్లాస్టిక్ తొడుగు వేయండి.

*నిద్ర.* అందరినీ హడలెత్తించేది ఇదే. రాత్రి లైట్లు ఆరాక కొన్ని నీటి పైభాగాన పక్కకు ఒరిగి తేలుతాయి, కొన్ని ఇసుక మీద వాలుతాయి, కొన్ని తల పైకెత్తి మూలకు ఆనుకుంటాయి. రంగు కూడా వెలిసినట్టుంటుంది. అర్ధరాత్రి టార్చి వేసి లేపకండి. ఉదయం లైటు వెలిగిన కాసేపటికి రంగు తిరిగొచ్చి, మేతకు పరుగెత్తుకొస్తే అది నిద్రే. పగటి వెలుతురులో, మేత వేసినా కదలకుండా, అదే భంగిమలో ఉంటే అప్పుడు ఎనిమిదో భాగానికి వెళ్లండి.

*నీటి పైకి రావడం.* మనిషి కనబడగానే పైకొచ్చి నోరు తెరుస్తూ తిరుగుతుంటే మేత అడుగుతోంది. ఎవరూ లేనప్పుడూ పైనే ఉండి, నోరూ మొప్పలూ వేగంగా కొట్టుకుంటుంటే ప్రాణవాయువు చాలడం లేదు. తేడా తెలియాలంటే గదిలో దూరంగా కూర్చుని చూడండి.

*గాజు వెంట పైకి కిందికి ఈదడం.* చాలాసార్లు తన ప్రతిబింబంతో పోట్లాట. ఆ వైపు బయట నల్ల కాగితం అంటిస్తే కొద్ది రోజుల్లో మానుతుంది.

*శబ్దం చేయడం.* పోట్లాడేటప్పుడు, బెదిరించేటప్పుడు టకటకమన్న శబ్దం వినిపిస్తే పంపు చెడిందని విప్పకండి. చేప దవడలను వేగంగా మూసి, పళ్లు తాకించి ఆ శబ్దం చేస్తుంది.

*చెయ్యి కొరకడం, తోకతో ఇసుక ఎగజిమ్మడం, ఆవులించినట్టు దవడ చాపడం.* ఇవన్నీ మామూలే. ఆవులింత గంటల తరబడి ఆగకుండా సాగితే మాత్రం మొప్పలను గమనించండి.

*నల్ల మచ్చలు.* పగడానికో ఎనిమోన్‌కో కొత్తగా రాసుకోవడం మొదలుపెట్టినప్పుడు చర్మంపై నల్లని మచ్చలు వచ్చి, క్రమంగా మాయమవుతాయి. వయసుతో చారల అంచుల నలుపు చిక్కబడడమూ కొన్నిట్లో ఉంటుంది.

6. జోడీలో పెత్తనం, వణుకు, పోరు

క్లౌన్ చేపల్లో ఏదీ పుట్టుకతో ఆడది కాదు. గుంపులో పెద్దదిగా ఎదిగి పెత్తనం సాధించినది ఆడదవుతుంది, దాని తరువాతది మగదవుతుంది. ఆడది చనిపోతే మగదే ఆడదిగా మారుతుంది. ఒకసారి ఆడదైనది మళ్లీ మగదిగా మారదు. జోడీలో కనిపించే ప్రవర్తన అంతా ఈ ఏర్పాటు నుంచే వస్తుంది.

పెద్దది దగ్గరకు రాగానే చిన్నది తలను, ఒంటిని వణికిస్తుంది, ఒక్కోసారి పక్కకు వాలిపోతుంది. “నీదే పెత్తనం, నాతో నీకు పోటీ లేదు” అని చెప్పే పద్ధతి అది. వణుకు మొదలైందంటే సంతోషించండి; జోడీ కుదురుతోందని అర్థం. అప్పుడప్పుడూ తరమడం, ఒక పోటు పొడవడం, మేత దగ్గర ముందుకు తోసుకురావడం కూడా ఇందులో భాగమే.

కొనేటప్పుడే ఒకటి పెద్దది, ఒకటి స్పష్టంగా చిన్నది తీసుకోవాలి. లేదా రెండూ బాగా పసివయసులో ఉన్నవి తీసుకోవాలి. పెద్దవి రెండు సమానమైన పరిమాణంలో తెస్తే రెండూ ఆడవే అయ్యే అవకాశం ఉంది. అలాంటివి ఒకదానినొకటి చంపుకునేదాకా పోతాయి. మూడో చేపను కొనాలన్న ఆలోచననూ మానుకోండి. చిన్న ట్యాంకులో జోడీ కుదిరాక మూడోదానికి చోటుండదు.

పోరు హద్దు దాటిందని తెలిపే గుర్తులు:

☐ చిన్నదాని రెక్కలు చీలికలు కావడం, పొలుసులు ఊడడం
☐ అది వణికి లొంగినా పెద్దది ఆగకపోవడం
☐ చిన్నదానిని మేత దగ్గరకు రానివ్వకపోవడం
☐ రెండూ నోరు కరచుకుని విడవకపోవడం

వీటిలో ఏ ఒక్కటి కనబడినా, రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాను ట్యాంకులోనే వేలాడదీసి, అందులో *పెద్దదానిని* ఉంచండి. చిన్నదానిని కాదు. బయట తిరిగే చిన్నది ఆ చోటుకు అలవాటు పడుతుంది, పెద్దది తన ఇలాకాపై పట్టును కొంత కోల్పోతుంది. వారం, పది రోజుల తరువాత లైట్లు తగ్గించి వదిలి చూడండి. మళ్లీ అదే తీరైతే ఆ జోడీ కుదరదు. ఒకదానిని దుకాణానికి తిరిగివ్వడమే మేలు.

7. ఉపేక్షించకూడని లక్షణాలు

మూడు జబ్బుల తేడా తెలిసి ఉండాలి, ఎందుకంటే మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

బ్రూక్లినెల్లా: క్లౌన్ చేపలను ఎక్కువగా పట్టేది. ఒంటి మీద చిక్కని జిగురు పొర కట్టి, పాలిపోయిన ముక్కలుగా ఊడుతుంది, ఊపిరి వేగంగా ఉంటుంది, మేత మానేస్తుంది. కొద్ది రోజుల్లోనే చంపగలదు. దీనికి ఫార్మలిన్ స్నానం చేయిస్తారు. రాగి మందు పనిచేయదు. ఫార్మలిన్ మనుషులకూ హానికరం కాబట్టి అనుభవమున్నవారి పర్యవేక్షణలో, చేతి తొడుగులతో, గాలి ఆడే చోట మాత్రమే వాడాలి.

వెల్వెట్: పొడి చల్లినట్టు అతి సన్నని మచ్చలు. అవి కనబడకముందే చేప వేవ్ మేకర్ ప్రవాహానికి ఎదురుగా నిలబడడం, వెలుతురుకు దూరంగా పోవడం, వేగంగా ఊపిరి తీయడం మొదలవుతుంది. ఇదీ గంటలు, రోజుల వ్యవహారమే.

ఇక్: ఉప్పు రేణువుల్లాంటి తెల్లని చుక్కలు, రాళ్లకు ఒళ్లు గీరుకోవడం. చుక్కలు రాలిపోగానే నయమైందనుకోవద్దు. పరాన్నజీవి ఇసుకలో చేరి, మళ్లీ పుట్టుకొస్తుంది.

వెల్వెట్‌కు, ఇక్‌కు రాగి మందును వేరే ట్యాంకులో, టెస్ట్ కిట్‌తో కొలుస్తూ మాత్రమే వాడాలి. ప్రధాన ట్యాంకులో వేస్తే నత్తలు, రొయ్యలు చస్తాయి, రాళ్లు రాగిని పీల్చుకుంటాయి. పరాన్నజీవి ఆశ్రయం లేక చచ్చేలా ప్రధాన ట్యాంకును రెండు నెలలకు పైగా చేప లేకుండా ఉంచాలి. చాలామంది 76 రోజుల లెక్కను పాటిస్తారు.

8. అనుమానం వచ్చినప్పుడు పాటించవలసిన వరుస

1. మొప్పల వేగాన్ని లెక్కపెట్టి, మీ పుస్తకంలోని పాత లెక్కతో పోల్చండి.
2. ఉష్ణోగ్రత చూడండి. 29 దాటి ఉంటే ముందు దానిని నెమ్మదిగా తగ్గించండి. ఐసు ముక్కలు వేయకండి. హఠాత్తుగా దిగితే అదొక కొత్త దెబ్బ.
3. ఉప్పుదనం, అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి. అమ్మోనియా కనబడితే, అదే ఉష్ణోగ్రత, అదే ఉప్పుదనం ఉన్న కొత్త నీటితో పావువంతు నుంచి మూడోవంతు మార్చండి.
4. నీటి పైభాగం కదులుతోందా చూడండి. వేవ్ మేకర్‌ను పైకి తిప్పండి, ఎయిర్ పంపు పెట్టండి.
5. కొద్దిగా మేత వేసి చూడండి.
6. వెలుతురు పక్కనుంచి పడేలా చేసి చర్మాన్ని పరిశీలించండి.
7. నీరు సరిగా ఉండి, ఊపిరి గానీ చర్మం గానీ చెడి ఉంటే అప్పుడు క్వారంటైన్ ట్యాంకు, మందు.

తుపాను రోజుల్లో ఈ వరుసకు ముందు మరొకటి చేరుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. పంపులు ఆగితే చేపలు నీటి పైభాగానికి చేరడం ఊపిరి ఆడకపోవడం వల్లే. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపును అక్టోబరు రాకముందే కొని ఉంచండి; ఇన్వర్టర్ ఉంటే హీటరు, లైట్లు తీసేసి వేవ్ మేకర్‌ను మాత్రమే దానికి కలపండి. కరెంటు వచ్చేదాకా మేత వేయకండి.

9. తరచూ జరిగే పొరపాట్లు

☐ నిద్రను జబ్బుగా భావించి రాత్రికి రాత్రే మందు వేయడం
☐ అడిగినప్పుడల్లా మేత వేయడం: రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంత చాలు
☐ ఒకేసారి నాలుగు మార్పులు చేసి, దేని వల్ల బాగైందో తెలియకపోవడం
☐ క్వారంటైన్ లేకుండా కొత్త చేపను నేరుగా వదలడం
☐ ఎనిమోన్ లేకపోతే చేప బతకదని తొందరపడి కొనడం

చివరిదాని గురించి రెండు మాటలు. ఇంటి ట్యాంకులో క్లౌన్ చేపకు ఎనిమోన్ అవసరం లేదు. హేచరీలో పుట్టినవి చాలాసార్లు దానిని నెలల తరబడి పట్టించుకోవు కూడా. కొత్త ట్యాంకులో ఎనిమోన్ చోటు మారుతూ వేవ్ మేకర్‌లో చిక్కుకుని చస్తే నీరంతా పాడవుతుంది. ట్యాంకుకు ఏడాది నిండేవరకు ఆ ఆలోచన పక్కన పెట్టండి. మన సముద్రాల నుంచి తీసిన పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధమని కూడా గుర్తుంచుకోండి.

10. ఉన్నట్టుండి కోపం పెరిగితే: గుడ్లు పెట్టే కాలం

కుదురుగా ఉన్న జోడీ ఒక రాయినో కుండీ ముక్కనో నోటితో తుడవడం మొదలుపెట్టి, దగ్గరకు వచ్చిన ప్రతిదానినీ తరుముతుంటే, కడుపు కింద చిన్న గొట్టంలాంటిది కనబడుతుంటే, గుడ్లు పెట్టబోతున్నాయి. గుడ్లు మొదట నారింజ రంగులో ఉండి, తరువాత లోపలి పిల్లల కళ్లు వెండిలా మెరుస్తూ కనిపిస్తాయి. మగది రెక్కలతో విసురుతూ, పాడైన గుడ్లను తినేస్తూ కాపలా కాస్తుంది. సాధారణంగా వారం, పది రోజుల్లో, చీకటి పడ్డాక పిల్లలు బయటికొస్తాయి.

మొదటి కాన్పుల్లో గుడ్లన్నిటినీ తల్లిదండ్రులే తినేయడం మామూలు. ఈ రోజుల్లో గాజు తుడవడం వంటి పనులను వాయిదా వేయండి, లేదా పొడవైన పుల్లతో చేయండి. పిల్లలను పెంచే ఉద్దేశముంటే వేరే ట్యాంకునూ రోటిఫర్ల (పిల్లల మొదటి మేతగా వాడే అతి సూక్ష్మ జీవులు) పెంపకాన్నీ గుడ్లు కనబడకముందే సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే పుట్టిన పిల్ల నోటికి బ్రైన్ ష్రింప్ పిల్లలు కూడా మొదటి రోజుల్లో పెద్దవే, రోటిఫర్లను అప్పటికప్పుడు తయారు చేయడం కుదరదు.